కుళాయినీరు – ఇల్లాలి సాక్ష్యము



అమరకోశమును చదివినవారికి ఒక వింత తెలిసియే యుండును. అందు నీటికి చెప్పిన పేళ్లలో "జీవనము" ఒకటి, "అమృతము" మఱియొకటి. నానార్థవర్గమునకు వచ్చుసరికి "విషము" అను శబ్దమునకు సైతము నీరను నర్థము చెప్పబడినది. ఒకే వస్తువు అమృతమును, విషమును ఎట్లగునని చిన్ననాట నాకు సందేహము కలుగుచుండెడిది. పెద్దదాననై, ఇల్లు నడుపుకొనుచు, నీటిని గుఱించి కొంత చదివిన పిమ్మట ఆ నిఘంటుకారుడు ఎంత సత్యము పలికెనో తెలియవచ్చినది.

అమెరికా దేశమున ఒక శాస్త్రజ్ఞుడు కుళాయినీటిని గుఱించి పాతికేండ్లకు మించి చేసిన పరిశోధనమును, ఆయనకు దారి చూపిన ఒక గృహిణి కథయు ఈ వ్యాసమునకు విషయము. "ఆ దేశపు గొడవ మనకేల?" యని మీరడుగవచ్చును. ఏ దేశమందైనను ఇంట నీటికి కాపలా యుండునది ఇల్లాలే. బిందె తోముట, నీరు పట్టుట, వడగట్టుట, కాచుట, బిడ్డకు త్రాగించుట యివి యన్నియు మన చేతుల మీదుగా జరుగుచున్నవి. కావున నీటి విద్య యెచ్చట పుట్టినను అది వంటింటి విద్యయే.

నీటిని గుఱించి తలచునపుడు మనము రెండు చోట్లనే చూతుము. ఒకటి అది వచ్చు నది గాని, చెఱువు గాని. రెండవది మన బిందె. నడుమ నున్న దారిని తలపము. నదినుండి తోడిన నీటిలో పటిక వేసి బురదను దింపుదురు. ఇసుక పొరలలో వడగట్టుదురు. క్రిములు చచ్చుటకై క్లోరిను కలుపుదురు. అంతటితో పని ముగిసినదని తలతుము. కాని శుద్ధి చేసిన నీరు మైళ్లకొలది భూమిలోని గొట్టములలో ప్రయాణము చేసి కాని మన ఇల్లు చేరదు. ఆ ప్రయాణమున గొట్టమునకును నీటికిని నడుమ ఎడతెగని ఇచ్చిపుచ్చుకొనుట జరుగుచుండును. ఇనుప గొట్టము తుప్పుపట్టి, తాను తుప్పగుచు నీటిలోని క్లోరినును హరించును. రాగి గొట్టమునకు సూదిబెజ్జములు పడును. సీసపు గొట్టమైనచో కొంచెము కొంచెముగ కరగి నీటిలో కలియును. బయలుదేరినపుడు నిర్మలముగా నున్న నీరు కుళాయి చేరుసరికి వేఱొక నీరగుట కలదు.

ఈ నడిమి దారినే తన పరిశోధనకు క్షేత్రముగా నెంచుకొన్నవాడు మార్క్ ఎడ్వర్డ్సు. ఈయన వర్జీనియా టెక్ అను విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. నక్షత్రములను గాని, పరమాణువులను గాని శోధించినవానికి వచ్చెడి పేరు తుప్పు పట్టిన గొట్టములను శోధించినవానికి రాదు. అయినను 2007లో అమెరికాలోని మెకార్థరు ఫెలోషిప్పను గొప్ప సత్కారము ఈయనకు లభించినది.

సీసమును గుఱించి రెండు మాటలు చెప్పవలెను. అది మెత్తని లోహము. ఎటు వంచిన అటు వంగును. అందుచే ప్రాచీన రోమకులు దానితో నీటి గొట్టములు చేసికొనిరి. సీసమునకు లాటిను భాషలో ప్లంబమ్ అని పేరు. కుళాయి బాగుచేయువానిని నేడు మనము ప్లంబరని పిలుచుట ఆ మాట నుండి వచ్చినదే. రెండువేల యేండ్లకు పూర్వమే విట్రూవియస్ అను రోమక శిల్పి, సీసపు గొట్టముల నీటికంటె మట్టి గొట్టముల నీరు ఆరోగ్యకరమని వ్రాసియున్నాడు. ఆ హితవు ఎవరికిని చెవికెక్కలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో యూరపు, అమెరికా నగరములందు వీథిలోని పెద్ద గొట్టము నుండి ఇంటికి నీరు తెచ్చు చిన్న గొట్టములను సీసముతోనే వేసిరి. అమెరికాలో క్రొత్తగా అట్టివి వేయరాదని శాసనము 1986లో వచ్చినది. అప్పటికే భూమిలో నున్నవి అట్లే యుండిపోయినవి.

మఱి అన్ని యేండ్లు ఆ నీరు త్రాగినవారందఱును ఏల రోగగ్రస్తులు కాలేదు? దీనికి కారణము కలదు. కాలక్రమమున గొట్టము లోపలి గోడపై లవణములు పేరుకొని ఒక పొర యేర్పడును. మన కాగుల అడుగున సున్నపు పొర కట్టుట మీకు తెలియును గదా, అట్టిదే. ఆ పొర సీసమునకును నీటికిని నడుమ తెరవలె నుండును. అది నిలిచియున్నంతకాలము భయము తక్కువ. నీటి గుణము మాఱినచో తెర చినుగును. తెర చినుగకుండ కొన్ని నగరములవారు నీటిలో ఫాస్ఫేటను లవణమును స్వల్పముగా కలుపుదురు. ఎడ్వర్డ్సు పరిశోధనలో ముఖ్యభాగము ఈ పొర ఎట్లు కట్టును, ఎట్లు విడిపోవును అను ప్రశ్నయే.

ఆ దేశపు రాజధానియగు వాషింగ్టనులో ఇట్టిది మొదట జరిగినది. 2000వ సంవత్సరము నవంబరు నెలలో అచ్చటి నీటి యధికారులు క్లోరినునకు బదులు క్లోరమీనును వాడసాగిరి. ఉద్దేశము మంచిదే. క్లోరిను నీటిలోని ఆకుల కసవుతో కలసి కొన్ని హానికర పదార్థములను పుట్టించును; వానిని తగ్గింపవలెనని వారి తలంపు. కాని సీసపు గొట్టములలోని పొర క్లోరిను ఉన్నంతకాలమే నిలుచు జాతిది. క్లోరిను పోగానే అది కరగనారంభించినది. ఒక రోగమునకిచ్చిన మందు వేఱొక రోగమును తెచ్చినట్లయ్యెను. అచ్చట ఆఱువేలకు పైగా ఇండ్లలో నీటిని పరీక్షింపగా నాలుగువేలకు పైగా ఇండ్లలో సీసము హద్దు మీఱినదని 2004 జనవరిలో వాషింగ్టన్ పోస్టు పత్రిక బయటపెట్టు వఱకు సామాన్య జనులకు ఈ సంగతి తెలియనే తెలియదు.

ఎడ్వర్డ్సు ఆ నగరమునకు మొదట వచ్చినది ఇండ్లలోని రాగి గొట్టములకు బెజ్జములేల పడుచున్నవో కనుగొనుటకు. నీటిలో సీసమును చూచి ఆయన నిర్ఘాంతపోయెను. పై వారికి ఈ మాట రుచింపలేదు. ఆయనకిచ్చుచున్న పని ఆగిపోయినది. ఆయన మానక తన స్వంత ధనమును వ్యయించి పరిశోధన సాగించెను. 2004లో ఆ దేశపు ఆరోగ్య సంస్థ ఒక నివేదిక ప్రకటించి, నీటిలోని సీసము వలన పిల్లలకు చెప్పుకొనదగిన హాని లేదన్నట్లు ధ్వనింపజేసినది. ఎడ్వర్డ్సును, ఆయన సహాధ్యాయులును పిల్లల రక్తపరీక్షల లెక్కలు సంపాదించి, 2009లో ఒక వ్యాసము ప్రకటించి, నీటిలో సీసము పెరిగిన కాలమున, పెరిగిన పేటలలో, చంటిబిడ్డల రక్తమునందును సీసము పెరిగినదని చూపిరి. 2010లో ఆ దేశపు ప్రతినిధి సభకు చెందిన యొక యుపసంఘము విచారించి, మునుపటి నివేదిక జనులను తప్పుదారి పట్టించినదని తేల్చినది. సత్యము బయటపడుటకు ఆఱేండ్లు పట్టినది. ఆఱేండ్లలో పొత్తిళ్లలోని బిడ్డ బడికి పోవు నీడువాడగును.

బిడ్డల మాట యేల ఇంతగా చెప్పుచున్నాననగా, సీసము మొదట దెబ్బతీయునది వారినే. పెద్దల కంటె పసివారి ప్రేవులు దానిని ఎక్కువగా పీల్చుకొనును. అది ఎదుగుచున్న మెదడును కుంటుపఱచును. చదువునందు మాంద్యము, నిలుకడలేమి, ముక్కోపము మున్నగునవి దాని ఫలములు. బిడ్డకు చేటు చేయని సీసపు మోతాదు ఇంతయని ఏ వైద్యుడును చెప్పజాలడు. గర్భిణి యెముకలలో పూర్వము చేరిన సీసము సైతము రక్తములోనికి దిగి కడుపులోని శిశువును చేరును. పోతపాలు త్రాగు బిడ్డకు పాలపొడి కలుపునది నీటితోనే గదా! ఇన్ని చేయు నీ సీసమునకు నీటిలో రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

భాగవతమున కాళియుని కథ మనమందఱము ఎఱిగినదే. ఆ మడుగు నీరు త్రాగి గోపబాలురు పడిపోయిరి. కాని ఆ మడుగు పొగలు క్రక్కుచు, పైనెగురు పక్షులను సైతము కూల్చుచు, ఇచ్చట విషమున్నదని చాటుచుండెను. గొట్టములోని సర్పమునకు పడగ లేదు, బుస లేదు. దానిని పట్టుటకు ఓర్పుతో లెక్క వ్రాయువారు కావలెను.

అట్టి ఓర్పు గల ఇల్లాలి కథ ఇక చెప్పెదను. మిషిగన్ రాష్ట్రమున ఫ్లింటు అను పట్టణము కలదు. జనసంఖ్య ఇంచుమించు లక్ష. మోటారుబండ్ల కర్మాగారములతో ఒకప్పుడు కలకలలాడి, అవి తరలిపోగా పేదవడిన యూరు. పొరుగుననున్న డిట్రాయిట్ నగరము హ్యూరన్ సరస్సు నీటిని శుద్ధిచేసి ఈ యూరికి అమ్ముచుండెను. ఊరి ఖజానా చిక్కిపోయినందున ఖర్చు తగ్గింపనెంచి, 2014 ఏప్రిల్ 25వ తేదీన ఆ నీరు మానుకొని, ఊరి నడుమ పాఱు ఫ్లింటు నది నీటిని వాడసాగిరి. పురాధ్యక్షుడు, అధికారులు గ్లాసులతో ఆ నీరు త్రాగి వేడుక చేసికొనిరి. ఆ నది నీటిలో క్లోరైడు లవణములు హెచ్చు. లోహమును తినివేయు గుణము అధికము. డిట్రాయిట్ నీటిలో గొట్టముల రక్షణకై కలిపెడి ఫాస్ఫేటును ఇచ్చట కలుపనే లేదు. అది కలుపుటకు రోజునకు అగునది సుమారు 100 డాలర్లని తరువాత లెక్క కట్టిరి.

కొలదినాళ్లకే కుళాయిలలో గోధుమవన్నె నీరు రాసాగినది. ఆ యేట అక్టోబరులో అచ్చటి యొక మోటారు ఇంజనుల కర్మాగారమువారు, ఈ నీరు తమ యంత్ర భాగములను తినివేయుచున్నదని చెప్పి వేఱు నీరు తెప్పించుకొనిరి. ఇనుమునకు పనికిరాని నీరు పసిపిల్లలకు పనికివచ్చునని యధికారులు చెప్పుచునే యుండిరి! ఈ వాక్యమును చదివినపుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

ఆ యూర లీ ఆన్ వాల్టర్సు అను గృహిణి యుండెను. నలుగురు బిడ్డల తల్లి. శాస్త్రము చదివినది కాదు. ఆమె బిడ్డలకు ఒంటిమీద దద్దురులు లేచినవి, జుట్టు రాలసాగినది, చిన్నవారగు కవలలలో ఒకని యెదుగుదల నిలిచిపోయినది. స్నానము చేసినప్పుడెల్ల దద్దురు హెచ్చుచున్నదని తల్లి కనిపెట్టెను. 2015 జనవరిలో ఆమె తన యింటి గోధుమవన్నె నీటిని సీసాలలో పట్టి సభకు తీసికొనిపోయి చూపెను. అది మీ యింటి నీరు కాదని యొకరును, మీ యింటి గొట్టముల దోషమని యొకరును ఆమెను త్రోసిపుచ్చిరి. ఆమె యింటి లోపలి గొట్టములు ప్లాస్టిక్కువి. ప్లాస్టిక్కు నుండి సీసమెట్లు వచ్చును? ఈ ప్రశ్నకు వారి యొద్ద బదులు లేదు.

ఫిబ్రవరిలో ఊరివారే వచ్చి పరీక్షింపగా, నూఱుకోట్ల పాళ్ల నీటిలో 104 పాళ్లు సీసము తేలెను. అక్కడి ప్రభుత్వము చర్య తీసికొనవలసిన హద్దు 15. మార్చిలో 397 తేలినది. ఆమె ఏడ్చుచు కూర్చుండలేదు. నీటిశుద్ధి కేంద్రపు కాగితములను తెప్పించుకొని, అర్థము కాని మాటలకు అర్థము వెదకుకొనుచు చదివి, గొట్టముల రక్షణకు ఏమియు కలుపుటలేదని తానే కనుగొనెను. పర్యావరణ సంస్థలో పని చేయుచున్న మిగెల్ డెల్ టోరల్ అను సత్యసంధుడగు నుద్యోగి ఆమె మాట విని, నిజమని గ్రహించి, పై వారికి వ్రాసెను. ఆయనయే ఆమెకు ఎడ్వర్డ్సు పేరు చెప్పెను.

ఎడ్వర్డ్సు ఆమె యింటి నుండి 30 నమూనాలు తెప్పించి పరీక్షించెను. సగటున 2,000కు మించి సీసము కనబడెను. ఒక దానిలో 13,200. ఆ దేశమున 5,000 దాటిన పదార్థమును అపాయకరమగు చెత్తగా నెంచుదురు. చెత్తకుప్పపై సైతము పోయరాని నీరు ఆ తల్లి కుళాయిలో వచ్చుచుండెను.

ఇచ్చట ఒక సంగతి మన స్త్రీలు శ్రద్ధగా గమనింపవలెను. ఊరివారు పరీక్షలు చేయకపోలేదు. వారి పరీక్షా విధానమునందే లోపము దాగియుండెను. నీరు పట్టుటకు ముందునాటి రాత్రి కుళాయిని కొంతసేపు విప్పి వదలుడనిరి. పట్టునపుడు ధారను సన్నగా ఉంచుడనిరి. గొట్టములో అప్పటికే చేరియున్న సీసము అట్లు ముందే కొట్టుకొనిపోవును. సన్నని ధార గోడల పొరను కదలింపదు. అట్లు పట్టిన నీరు మంచిదిగనే కనబడును. మనమందఱము త్రాగునదో, తెల్లవాఱగనే బిరబిర విప్పి పట్టిన నీరు. అంతియేకాదు, 71 నమూనాలు వచ్చిన యొక లెక్కలో ఏవో కారణములు చెప్పి రెండింటిని తీసివేసిరి. వానిలో ఒకటి వాల్టర్సు ఇంటిది. ఆ రెండును పోగా ఊరి నీరు హద్దులోపల నున్నట్లు తేలినది. లెక్క తప్పు కాదు. లెక్కలోనికి ఎవరిని రానిచ్చిరను దానిలోనే యుండెను తప్పు. బియ్యములో ఱాళ్లున్నవో లేవో చెప్పుటకు చెఱిగిన చేటను చూపిన నెట్లుండును?

2015 ఆగస్టులో ఎడ్వర్డ్సును, ఆయన శిష్యులును 300 సంచులలో ఖాళీ సీసాలను పెట్టి ఫ్లింటునకు పంపిరి. వాల్టర్సును, ఆమెతో చేరిన వారును ఇల్లిల్లు తిరిగి, నీరెట్లు పట్టవలెనో నేర్పి, తిరిగి చేర్చిరి. 250కి పైగా సీసాలు వెనుకకు వచ్చెను. ఈ పనిలో నాకు ముచ్చట గొల్పినది, ఒక విశ్వవిద్యాలయపు యంత్రమును, ఒక వంటింటి కుళాయియు ఒకదాని నొకటి నమ్ముట. యంత్రము లేనిచో ఆమె మాట రచ్చబండ మాటగా పోయెడిది. ఆమె లేనిచో యంత్రమునకు పట్టుటకు నీరే లేదు. ఫలితములను వారు దాచక వెంటనే లోకమునకు వెల్లడించిరి. ఊర నీటిలో సీసము హద్దును మీఱినదని తేటపడెను.

అప్పటికిని యధికారులు ఒప్పుకొనలేదు. ఇంతలో మఱియొక స్త్రీ ముందునకు వచ్చెను. మోనా హన్నా అటీషా అను శిశువైద్యురాలు. ఇరాకు దేశము నుండి వలసపోయిన కుటుంబములోనిది. ఆమె తన యాసుపత్రిలోని పిల్లల రక్తపరీక్షలను నీరు మాఱుటకు ముందు, తరువాతగా విభజించి చూచెను. అయిదేండ్ల లోపు బిడ్డలలో సీసము హెచ్చుగా నున్నవారు ముందు నూటికి 2.4 వంతు, తరువాత 4.9. ఈ మాటను 2015 సెప్టెంబరు 24న ఆమె బహిరంగముగా చెప్పగా ముందు ఆక్షేపించిరి. కొలదిదినములకే వారి లెక్కలును అదియే చెప్పుచున్నవని ఒప్పుకొనక తప్పలేదు. అక్టోబరు 16న ఊరికి మరల డిట్రాయిట్ నీరు వచ్చినది.

సీసము ఒక్కటియే కాదు. ఇనుప గొట్టములు తుప్పుపట్టుచు క్లోరినును తినివేయుటచే లీజనెల్లా అను క్రిమి పెరుగుటకు తావు దొరకినది. ఆ క్రిమి వలన వచ్చిన ఊపిరితిత్తుల జ్వరముతో 2014, 2015 సంవత్సరములలో అచ్చట 12 మంది మృతి చెందిరి. వాల్టర్సునకు 2018లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారము వచ్చెను. ఊరివారికి 62 కోట్ల 60 లక్షల డాలర్ల పరిహారమును న్యాయస్థానము 2021లో ఆమోదించినది. పదివేలకు మించి పాత గొట్టములను త్రవ్వి మార్చిరి. రోజునకు నూఱు డాలర్ల మందు మానినందుకు ఇంత మూల్యము.

గొట్టములు మార్చవచ్చును, పోయిన నమ్మకమును మార్చి క్రొత్తది వేయుటకు ఏ కూలివాండ్రును లేరు. 2016లో నీరు బాగుపడుచున్నదని ఎడ్వర్డ్సు తన పరీక్షలు చూపి చెప్పినప్పుడు, ఆ యూర చాలమంది ఆయనను సైతము నమ్మలేదు. మునుపు కీడు చెప్పినపుడు మెచ్చినవారిలో కొందఱు మేలు చెప్పినపుడు శంకించిరి. ఆయనతో కలహించిరి కూడ. వారిని నేను తప్పుపట్టజాలను. మంచిదే, మంచిదే యని చెప్పుచు విషము త్రావించిన పిమ్మట, మంచిదను మాటయే చేదగును. శాస్త్రజ్ఞుని ధర్మము మాత్రము కీడునైనను, మేలునైనను ఉన్నదున్నట్లు చెప్పుటయే.

ఈ కథ నాకు చదువుగనే మిగిలిపోలేదు. కొన్ని యేండ్ల క్రిందట మా వీథి కుళాయిలలో రెండు మూడు దినముల కొకతూరి మురుగు వాసన రాసాగినది. ఎదుటి యింటి పిల్లవానికి పచ్చకామెర్లు సోకినవి. తరువాత మఱి యిద్దఱికి. మేము నలుగురము ఆడువారము సీసాతో నీరు తీసికొని ఒక కార్యాలయమునకు పోయితిమి. అచ్చటి యుద్యోగి సీసాను వెలుతురునకెత్తి చూచి, "తేటగనే యున్నవి గదమ్మా, కాచుకొని త్రాగుడు" అని పంపివేసెను. పిన్నిగారు ఒకరు దారిపొడుగున కోపముతో మండిపడిరి. వాల్టర్సు కథ చదివి యున్నదానను గనుక, కోపము కంటె పుస్తకము మేలని నేనంటిని. పదునొకండు ఇండ్లవారము పదునైదు దినములు వ్రాసితిమి: ఏ నాడు, ఏ గంటకు, ఎవరింట, ఎట్టి నీరు, వాసన యున్నదా లేదా, ఎంతసేపటికి పోయెను. మా వారు బడిలో వాడు గీతల పుస్తకమొకటి ఇచ్చిరి. వ్రాయుట రాని యవ్వగారు ఒకరు ప్రతిదినము నా యొద్దకు వచ్చి చెప్పి వ్రాయించిరి. పుస్తకము నిండుసరికి ఒక సంగతి దానంతట బయటపడినది. వాసన వచ్చునది ఎప్పుడును నీరు వదలిన మొదటి పావుగంటలోనే. అదియు మురుగుకాలువ మలుపునకు దిగువనున్న ఇండ్లలోనే. ఆ పుస్తకమును చూపగా ఇంజనీరొకరు తామే వచ్చి మలుపు వద్ద త్రవ్వించిరి. కాలువ క్రిందుగా పోవు గొట్టము అతుకు విడిపోయి యుండెను. సీసానెత్తి చూచిన కంటికి కనబడనిది మా యవ్వగారి లెక్కలో కనబడినది.

ఇది మన యూళ్లలో తఱచుగా జరుగునదే. మన పట్టణములలో పెక్కింట నీరు దినమునకు కొన్ని గంటలే వచ్చును. నీరు ఆగినపుడు గొట్టము ఖాళీయై, పగుళ్ల నుండి చుట్టునున్న మురుగును లోనికి పీల్చుకొనును. కుళాయికి నేరుగా మోటారు తగిలించి లాగువారు ఈ కీడును ఇంకను పెంచుచున్నారు. వారి తొట్టి నిండును. ఆ పీల్పులో వీథివారి నీటిలో మురుగు చేరును. చదువుకొన్న ఇండ్లలో సైతము ఈ పని చేయుచుండుట విచారకరము.

ఇక మన వంటింటికి కావలసిన కొన్ని మాటలు. నీటిలోని కీడు రెండు విధములు. ఒకటి ప్రాణముగల క్రిములు. రెండవది కరగియున్న లోహలవణములు. కాచుట వలన క్రిములు చచ్చును, సీసము చావదు. పైగా నీరు ఆవిరియై తగ్గినకొలది దాని పాలు హెచ్చును. పెద్దలు బట్టతో వడగట్టుమనిరి. చిల్లగింజ అరగదీసి కలుపుమనిరి. అవి బురదను పోగొట్టును. కరగిన దానిని పోగొట్టవు. ఫ్లోరైడు సైతము ఇట్టిదే. మన తెలుగునాట అది క్రొత్త కాదు. ఈ దేశమున ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు మొదట గుర్తించి ప్రకటించినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు మండలముననే. నల్లగొండ సీమ దాని వలన పడిన పాట్లు మీరెఱుగుదురు. నడుము వంగిన వారు త్రాగిన నీరును అద్దమువలె తేటగనే యుండెను.

సీసపు గొట్టములు మన యూళ్లలో వాడుక కాదు. అయినను నిశ్చింత పనికిరాదు. ఇత్తడి కుళాయిలలో సీసము కొంత కలియుట కలదు. పీ.వీ.సీ. గొట్టముల తయారీలో సీసపు లవణములు చేర్చు అలవాటు ఉండెడిది. దానిని మాన్పించుటకై కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. కావున తెల్లవాఱగనే వచ్చు మొదటి నీటిని మొక్కలకో, వాకిలి కడుగుటకో వాడి, పిదప వచ్చిన దానిని త్రాగుటకు పట్టుట మంచిది. ఇత్తడి పాత్రలకు కళాయి వేయించునపుడు తగరము శుద్ధమైనదేనా యని యడుగవలెను. చౌకకై సీసము కలిపిన కళాయిలో చింతపండు పులుసు కాచుట ప్రమాదము. ఇనుము, సున్నము కొఱతపడిన బిడ్డ శరీరము సీసమును ఎక్కువగా పీల్చును. కావున మునగాకు, తోటకూర, రాగిజావ, పాలు, మజ్జిగ బిడ్డలకు తప్పక పెట్టవలెను. సందేహము కలిగినచో ఊహించుట మాని ప్రయోగశాలలో పరీక్ష చేయించుటయే మార్గము. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో సీసము నూఱుకోట్ల పాళ్లకు 10 పాళ్లు దాటరాదు. కుళాయి చివర లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. ఈ రెండు సంఖ్యలను పంచాంగము ప్రక్కన వ్రాసి పెట్టుకొనుడు.

2019లో ఆరంభించిన జలజీవన్ మిషన్ అను పథకమున, ప్రతి గ్రామమందును అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనని యేర్పాటు చేసిరి. చిన్న పెట్టెలోని మందులతో క్లోరిను, ఫ్లోరైడు మున్నగువానిని వారు పరీక్షింపవచ్చును. ఇది నాకెంతయు సంతోషము గలిగించినది. మీ యూర ఆ పెట్టె యున్నచో అది అలమారలో దుమ్ము పట్టుచున్నదా, పని చేయుచున్నదా యని విచారింపుడు. ఆ అయిదుగురిలో ఒకరగుటకు సిగ్గుపడకుడు.

యక్షుడు కొలనివద్ద పాండవులకు పెట్టిన నిబంధన యేమి? ముందు ప్రశ్నకు బదులు చెప్పి, పిదప నీరు త్రాగుమని. నేటి కాలమున ఆ నిబంధనను మనమే పెట్టవలసి యున్నది. ఈ నీరు ఎచ్చటి నుండి వచ్చినది? ఏ గొట్టముల గుండ వచ్చినది? ఎవరు పరీక్షించిరి, ఎట్లు పట్టి పరీక్షించిరి, ఆ కాగితమేది? ఇవి యడుగుట అవినయము కాదు. బిడ్డ చేతికి గ్లాసు అందించు తల్లికి ఇవి యడుగు హక్కు కలదు. అడిగి ఊరకొనక, కన్నది కన్నట్లు తేదీతో వ్రాసియుంచు బాధ్యతయు కలదు.